గుట్టు మనది, పట్టు ఎవరిది? గోప్యత, నిఘా చుట్టూ ఉన్న చిక్కుముడి

మొన్న అమ్మకు బీపీ మాత్రలు కొనడానికి మందుల షాపుకు వెళ్తే, కౌంటర్ దగ్గర కుర్రాడు నా ముందున్న పెద్దావిడని "ఫోన్ నంబర్ చెప్పండమ్మా" అన్నాడు. ఆవిడకు చెవులు సరిగ్గా వినిపించవేమో, పది అంకెలూ గట్టిగా చెప్పింది. స్క్రీన్ చూసి ఆ కుర్రాడు ఆవిణ్ణి పేరుతో పలకరించి "ఈ నెల ఇన్సులిన్ తీసుకోలేదేంటి, అయిపోయి ఉంటుంది కదా" అన్నాడు. సాయం చేద్దామనే అన్నాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆవిడ ఒక్క క్షణం వెనక్కి తిరిగి లైన్లో ఉన్న మా అందరినీ చూసింది. అర నిమిషంలో ఆవిడ పేరు, నంబర్, జబ్బు మాకు తెలిసిపోయాయి. ఆ వెనక్కి తిరిగి చూసిన చూపులో ఉన్నదాన్నే చట్టం భాషలో గోప్యత అంటారు.

గోప్యత, నిఘా అనగానే గూఢచారులు, ఫోన్‌లోకి దూరి చదివే పెగాసస్ అనే సాఫ్ట్‌వేర్, పెద్ద నాయకుల ఫోన్లు గుర్తొచ్చి, అవి మనలాంటివాళ్లకు సంబంధం లేని గొడవలు అనుకుంటాం. 2025 డిసెంబర్ మొదట్లో కేంద్రం కొత్తగా అమ్మే ప్రతి ఫోన్‌లో సంచార్ సాథీ యాప్ ముందే పెట్టి ఇవ్వాలని కంపెనీలకు ఆదేశం ఇచ్చిందని తెలిసినప్పుడు మాత్రం ఆ గొడవ అందరి జేబుల్లోకీ వచ్చింది. పోయిన ఫోన్‌ని బ్లాక్ చేయడానికి, మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోవడానికి పనికొచ్చే యాప్ అది. మంచిదే. అయినా జనం ఊరుకోలేదు, మూడు రోజుల్లోనే ఆ తప్పనిసరి ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ మూడు రోజులూ ఎక్కడ చూసినా ఒకటే ప్రశ్న: "తప్పు చేయనివాడికి భయం ఎందుకు?" ఈ ప్రశ్న అడిగేవాళ్లు అమాయకులూ కాదు, చెడ్డవాళ్లూ కాదు. కానీ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. దాన్ని విప్పితే మిగతా చిక్కుముళ్లు చాలావరకు వదులవుతాయి.

గోప్యత అంటే రహస్యం దాచడం కాదు

మనకు ఈ సంగతి చెప్పడానికి "గుట్టు" అని చక్కటి మాట ఉంది. గుట్టుగా బతుకుతున్నారు అంటే ఆ ఇంట్లో ఏదో నేరం జరుగుతోందని కాదు కదా. ఇంటి సంగతులు ఎవరికి చెప్పాలో వాళ్లకే చెబుతారు, అందరి ముందూ పరచరు, అంతే. ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెతలో కూడా విభీషణుడికి గుట్టు తెలియడం సమస్య కాదు, ఆయన ఇంటివాడే. ఆ గుట్టు చేరిన చోటు మారడంతో యుద్ధమే తారుమారైంది.

గోప్యత కూడా ఇంతే. జీతం ఎంతో బ్యాంకుకు తెలియాలి, పెళ్లి సంబంధం చూస్తున్నవాళ్లకు తెలియొచ్చు, బాకీ వసూలుకు తిరిగే ముక్కూ మొహం తెలియని ఏజెంటుకు తెలియకూడదు. గర్భం వచ్చిన సంగతి డాక్టరుకు మొదటి రోజే చెబుతాం, చుట్టాలకు మూడో నెల దాటాక చెబుతాం, ఆఫీసులో ఇంకా తర్వాత. సమాచారం ఒకటే, చేరే చోటును బట్టి న్యాయం మారుతుంది. కాబట్టి "దాచుకోవడానికి ఏముంది" అని కాకుండా, "నేను ఎవరికి, దేని కోసం చెప్పాను, అది ఇప్పుడు ఎవరి దగ్గర, దేని కోసం ఉంది" అని అడగాలి.

మరి నిఘా అంటే? చూడటం అంతా నిఘా కాదు. వీధి మొదట్లో అరుగు మీద కూర్చునే తాతగారు వచ్చేపోయేవాళ్లందరినీ చూస్తారు, రేపటికి సగం మర్చిపోతారు, మనం కూడా ఆయన్ని చూస్తుంటాం. నిఘా ఇలా ఉండదు. అది ఒక పద్ధతి ప్రకారం చూస్తుంది, చూసింది దాచిపెడుతుంది, చూసేవాడు మనకు కనపడడు. పైగా వాడి చేతిలో మనల్ని ఏదో ఒకటి చేయగల అధికారం ఉంటుంది, రేషన్ ఆపడమో, లోన్ ఇవ్వకపోవడమో, స్టేషన్‌కి పిలవడమో.

అర్ధరాత్రి తలుపు కొట్టిన పోలీసులు, రాజమండ్రి జడ్జిగారు

మన రాజ్యాంగంలో గోప్యత అన్న మాట ఎక్కడా రాసి లేదు. అది ప్రాథమిక హక్కు అవునా కాదా అని దేశం దాదాపు అరవై ఏళ్లు కొట్టుకుంది. ఆ కథలో ఒక తెలుగువాడు ఉన్నాడు, మనవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు, అందుకే కొంచెం ఆగి చెబుతాను.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు, సాక్ష్యం లేక వదిలేశారు. కానీ పోలీసులు ఆయన పేరు మీద హిస్టరీ షీట్ తెరిచారు. ఇంటి మీద కాపలా, ఎటు వెళ్తున్నాడో ఆరా, రాత్రిళ్లు వచ్చి తలుపు కొట్టి నిద్ర లేపి ఉన్నాడో లేదో చూసుకోవడం. శిక్ష పడలేదు, అయినా మనిషికి నిద్ర లేదు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు.

1962 డిసెంబర్‌లో ఆరుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. రాత్రిపూట ఇంటికి రావడం తప్పు అని కొట్టేసింది, కానీ మిగతా నిఘాను ఉంచేసింది. గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ జడ్జీలు రాశారు. దీంతో ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. 1954లో గుంటూరులో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి కూడా అయ్యారు. ఆయన వాదన సారం ఇది: వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయలేని భాగం. కాళ్లకు సంకెళ్లు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదు, తనను ఎవరో వెంబడిస్తూ చూస్తున్నారన్న ఎరుకతో తిరిగేవాడు తనకు తానే అడ్డు పడతాడు, అందుకే ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదు. ఆ రోజు అది మైనారిటీ మాటగా ఫైళ్లలో ఉండిపోయింది.

యాభై ఏళ్ల తర్వాత, 2012లో కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్ మీద కేసు వేశారు. ఆ వాదనల్లో కేంద్రం, ఖరక్ సింగ్ తీర్పునూ, 1954 నాటి ఎనిమిది మంది జడ్జీల ఎం.పి. శర్మ తీర్పునూ చూపించి, గోప్యత ప్రాథమిక హక్కే కాదు అంది. అది తేల్చడానికి తొమ్మిది మంది జడ్జీలు కూర్చున్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మందీ ఏకగ్రీవంగా, గోప్యత 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమే అన్నారు. ఖరక్ సింగ్ తీర్పులో అందుకు అడ్డొచ్చిన భాగాన్ని కొట్టేసి, సుబ్బారావు గారి మైనారిటీ మాటే సరైందని రాశారు. ఆ మాట గెలిచేనాటికి ఆయన లేరు.

మూడు ప్రశ్నల పరీక్ష, మా వీధి కెమెరా

హక్కు ఉందని తేలాక అసలు తలనొప్పి మొదలవుతుంది. ఏ హక్కుకైనా హద్దు ఉంటుంది, ఎక్కడ? 2017 తీర్పు ప్రభుత్వానికి స్థూలంగా మూడు ప్రశ్నలు పెట్టింది. ఇలా చూడటానికి చట్టం ఉందా? చూడాల్సిన సరైన అవసరం ఉందా? అవసరానికి తగ్గ మోతాదులోనే చూస్తున్నారా, అంతకన్నా తక్కువ చొరబాటుతో అదే పని జరగదా? వీటికి తోడు, దుర్వినియోగం కాకుండా అడ్డుకట్టలు ఉండాలని కూడా తీర్పులో చెప్పారు.

మోతాదు అన్న మాట పుస్తకంలో చదివితే గాల్లో ఉన్నట్టుంటుంది, మా వీధిలో చూస్తే అర్థమవుతుంది. పోయిన ఏడాది మా వీధిలో రెండు బైకులు పోయాయి. ఎదురింటి మాస్టారు తన గేటు మీద సీసీ కెమెరా పెట్టించారు, అందరం సంతోషించాం. ఒకరోజు ఆయన ఫోన్‌లో ఆ దృశ్యం చూపిస్తే సగం వీధి ఉంది, మిగతా సగం మా వరండా. అమ్మ స్నానం చేసి తల ఆరబెట్టుకుంటూ కుర్చీలో కూర్చుని ఉంది. ఆయనకు ఆ ఉద్దేశం లేదు, కానీ ఆ దృశ్యాన్ని అమెరికాలో ఉన్న ఆయన కొడుకు కూడా తన ఫోన్‌లో చూస్తాడు, పదిహేను రోజుల రికార్డింగ్ ఉంటుంది. అమ్మకు చెబితే ఏమీ అనలేదు గానీ మర్నాటి నుంచి వరండాలో కూర్చోవడం మానేసింది. నాకు సుబ్బారావు గారి మాట అప్పుడు అర్థమైంది.

పైన చెప్పిన పరీక్ష ప్రభుత్వానికి పెట్టింది, పక్కింటివాళ్లకు కాదు, అయినా ఇక్కడ పెట్టి చూడండి. అవసరం నిజమే, బైకులు పోయాయి. కానీ బైకు దొంగను పట్టుకోవడానికి మా వరండా అక్కర్లేదు. "మాస్టారూ, కెమెరా తీసేయమనట్లేదు, మా వైపు కనపడకుండా చేయించండి చాలు" అన్నాను. బిగించిన కుర్రాణ్ణి పిలిపించారు, వాడు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మా వరండా ఉన్నంత మేర నల్లటి పట్టీ పెట్టాడు. పది నిమిషాల పని. కెమెరా ఉంది, కాపలా ఉంది, అమ్మ మళ్లీ వరండాలో కూర్చుంటోంది. గోప్యతా భద్రతా ఒకదానికొకటి శత్రువులు, ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి అని వాదించేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. చాలా సందర్భాల్లో ఆ నల్లటి పట్టీ ఎంత మేర ఉండాలన్నదే అసలు ప్రశ్న.

హైదరాబాద్ కెమెరాలు, ఒక చిన్న లెక్క

హైదరాబాద్ దేశంలోనే ఎక్కువ కెమెరాలున్న నగరాల్లో ఒకటి. దీనికి చట్టం ఆసరా కూడా ఉంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన ప్రజా భద్రత చట్టం ప్రకారం ఒకేసారి 100 మంది, లేదా రోజుకు 500 మంది వచ్చే అవకాశమున్న సంస్థలు కెమెరాలు పెట్టి, 30 రోజుల రికార్డింగ్ ఉంచాలి. "నేను సైతం" పేరుతో కాలనీవాళ్లే చందాలు వేసుకుని పెట్టించుకున్నవి వేరే. ఈ కెమెరాల దృశ్యాలను ఒకేచోట చూసే పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభమైంది.

వీటివల్ల మేలు లేదని నేను అనను. ఎత్తుకుపోయిన పసిపిల్లలు కెమెరా ఆధారంగా గంటల్లో తల్లి ఒడికి చేరిన సందర్భాలు మనం టీవీల్లో చూశాం. గొలుసు తెంపుకుపోయినవాణ్ణి వీధి వీధి రికార్డింగ్ పట్టుకుని వెంటాడి పట్టుకున్నారు. ఆ తల్లి దగ్గరికి వెళ్లి గోప్యత గురించి ఉపన్యాసం ఇవ్వగలిగేవాళ్లు ఎవరూ ఉండరు.

అయితే కెమెరా ఒకటి, ముఖ గుర్తింపు ఇంకొకటి. మామూలు కెమెరా జరిగింది రికార్డు చేస్తుంది, అవసరమైనప్పుడు తీసి చూస్తారు. ముఖ గుర్తింపు సాఫ్ట్‌వేర్ ప్రతి ముఖాన్నీ కొలిచి, అంకెలుగా మార్చి, తన దగ్గరున్న జాబితాతో పోలుస్తుంది. అంటే వీధిలో నడిచే ప్రతివాణ్ణీ ఆపి గుర్తింపు కార్డు అడిగినట్టే, ఆపినట్టు తెలియదు అంతే. తెలంగాణ పోలీసులు 2018లోనే తమ యాప్‌లో ఈ సదుపాయం చేర్చారు.

ఇప్పుడు లెక్క. ఇవి నేను ఉదాహరణకు తీసుకున్న అంకెలు మాత్రమే. ఒక పెద్ద రైల్వే స్టేషన్‌కి రోజుకు 1,00,000 మంది వస్తారనుకుందాం. సాఫ్ట్‌వేర్ చాలా గొప్పది, వెయ్యి మందిలో ఒక్కరి విషయంలోనే పొరబడుతుంది. పోలీసులు వెతుకుతున్నవాళ్లు ఆ రోజు ఐదుగురు వచ్చారు, ఐదుగురినీ పట్టేసింది. బాగానే ఉంది కదా? కానీ లక్షలో వెయ్యికి ఒకరి చొప్పున 100 మంది అమాయకుల మీద కూడా గంట మోగింది. మొత్తం 105 హెచ్చరికలు, అందులో 100 తప్పు. "99.9 శాతం కచ్చితం" అని బ్రోషర్‌లో రాసిన యంత్రం ఇచ్చిన ప్రతి 100 హెచ్చరికల్లో 95 తప్పుడువి. పోలీసులకు కావాల్సినవాళ్లు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ అయిన ప్రతిచోటా ఇలాగే అవుతుంది, అది సాఫ్ట్‌వేర్ రాసినవాడి తప్పు కూడా కాదు.

పోలీసులు దీనికి ఇచ్చే జవాబు సబబైందే: యంత్రం చెప్పింది ఆధారం మాత్రమే, సరిచూసేది మనిషే. కానీ ఆ సరిచూడటానికి రాసి పెట్టిన నియమం ఏదీ? ఎంత శాతం పోలిక ఉంటే పిలవాలి? సమాచార హక్కు కింద అడిగితే ఢిల్లీ పోలీసులు 2022లో 80 శాతం పోలిక ఉంటే సరిపోయినట్టే లెక్క అని చెప్పారు. పోలిక కుదిరిందని రోడ్డు మీద ఆపేసిన వంద మందిలో నేనుంటే? 2021 మే నెలలో, లాక్‌డౌన్ సమయంలో, హైదరాబాద్ పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి మాస్కు తీయమని ఫోటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారు, దాన్ని ఏం చేస్తారు అని ఆయన అడిగారు. తర్వాత హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. ముఖ గుర్తింపుకని మన దేశంలో ప్రత్యేకంగా చట్టం లేదు. మూడు ప్రశ్నల్లో మొదటి ప్రశ్న దగ్గరే బండి ఆగిపోతోంది.

మాట వినకుండానే సంగతి తెలిసే దారి

ఫోన్ ట్యాపింగ్ పూర్తిగా చట్టవిరుద్ధం అని చాలామంది అనుకుంటారు. కాదు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమే ప్రజా అత్యవసర పరిస్థితిలోనో, ప్రజా భద్రత కోసమో వినే వీలు ఇచ్చింది. దానికి పద్ధతి లేకపోతే 1996లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు పెట్టింది: ఆదేశం హోంశాఖ కార్యదర్శి స్థాయిలో రావాలి, రెండు నెలలే చెల్లుతుంది, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదు, పైన సమీక్షా సంఘం చూడాలి. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద 2024 డిసెంబర్‌లో కొత్త నియమాలు వచ్చాయి, మూలం అదే.

ఇక్కడ ఒక లోపం మొదటి నుంచీ ఉంది. అడిగేది ప్రభుత్వం, అనుమతించేది ప్రభుత్వం, సమీక్షించేదీ ప్రభుత్వ అధికారులే. జడ్జి ఎక్కడా రాడు. జడ్జి దాకా వెళ్తే ఉగ్రవాది చేజారిపోతాడని ఒక వాదన, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. బయటివాడు చూడని తాళం ఎప్పుడు తెరిచారో ఎవరికి తెలుస్తుందని ఇంకో వాదన. 2024 మార్చిలో తెలంగాణలో బయటపడ్డ ఫోన్ ట్యాపింగ్ కేసు ఈ రెండో వాదనకు బలం ఇచ్చింది. నిఘా విభాగంలోని కొందరు రాజకీయ నాయకులవీ ఇంకా ఎందరివో ఫోన్లు అనుమతి లేకుండా విన్నారని, ప్రభుత్వం మారాక రికార్డులు ధ్వంసం చేశారని ఆరోపణ. ఎవరు తప్పు చేశారో తేల్చాల్సింది కోర్టులు, నేను ఆ జోలికి పోను. కానీ నిజంగా జరిగి ఉంటే ఆనాడే ఆపగల మనిషి ఆ వ్యవస్థలో లేడన్నది చూడండి చాలు.

వాట్సాప్ మాటలు మధ్యలో వినలేరు కదా అంటారు. నిజమే, అవి ఒక ఫోన్‌లో తాళం పడి ఇంకో ఫోన్‌లోనే తెరుచుకుంటాయి. అందుకే పెగాసస్ లాంటివి దారిలో కాపు కాయకుండా ఫోన్‌లోకే దూరతాయి, తాళం తీసిన తర్వాత చదువుతాయి. 2021 అక్టోబర్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారి ధర్మాసనం, జాతీయ భద్రత అన్న మాట అడ్డుపెట్టుకుని ప్రతిసారీ ప్రభుత్వం తప్పించుకోలేదని చెప్పి నిపుణుల సంఘం వేసింది. ఆ సంఘం 29 ఫోన్లు పరీక్షించి, ఐదింటిలో హానికర సాఫ్ట్‌వేర్ ఉందని, అది పెగాససే అని చెప్పలేమని 2022లో తేల్చింది. కేంద్రం సహకరించలేదని కూడా కోర్టు చెప్పింది.

అసలు మాటలు వినాల్సిన అవసరం ఎంత? ఒక ఊహా ఉదాహరణ. ఒకావిడ కాల్ జాబితా మాత్రమే మన చేతికొచ్చింది, మాట ఒక్కటి కూడా వినలేదు. ఉదయం 9 గంటలకు డయాగ్నస్టిక్ సెంటర్ నుంచి రెండు నిమిషాలు. 9:10కి క్యాన్సర్ ఆస్పత్రికి ఆరు నిమిషాలు. 9:20కి అన్నయ్యకు నలభై నిమిషాలు. పదిన్నరకు బీమా కంపెనీకి, ఆ వెంటనే బంగారం తాకట్టు పెట్టుకునే సంస్థకు. రాత్రి పదకొండున్నరకు మళ్లీ అన్నయ్యకు, టవర్ ఆస్పత్రి పక్కది. ఇంకా వినాల్సింది ఏమైనా మిగిలిందా? "మాటలు వినలేదు, కేవలం కాల్ వివరాలే తీసుకున్నాం" అని ఎవరైనా అంటే ఈ ఆరు వరసలు గుర్తు చేసుకోండి.

విడివిడిగా ఉంటే లేని ప్రమాదం, కలిపితే వస్తుంది

ఆర్టీవో దగ్గర బండి వివరం, విద్యుత్ శాఖ దగ్గర కరెంటు బిల్లు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్థలం. విడివిడిగా ఒక్కోటీ చిన్న విషయమే. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ ఇలా వేర్వేరు శాఖల వివరాలను పేరు, చిరునామా ఆధారంగా ఒక మనిషికి జతచేస్తుంది. ఉద్దేశం అర్థం చేసుకోదగ్గదే: కారూ మేడా ఉన్నవాడు పేదల బియ్యం తీసుకోకూడదు. పన్ను కట్టే ఎవరైనా ఇది అడుగుతారు.

కానీ మన ఊళ్లలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు ఎంతమందో మనకు తెలుసు, యంత్రానికి తెలియదు. హైదరాబాద్‌లో రిక్షా లాగి బతికిన ఒకాయన పేరును దగ్గరి పేరున్న ఇంకొకాయన కారుతో కలిపేయడంతో ఆ కుటుంబానికి రేషన్ దక్కకుండా పోయిన సంగతి పత్రికల్లో వచ్చింది. "కారు మాది కాదు" అని నిరూపించే భారం ఆ ఇంటి ఆడమనిషి మీద పడింది. లేనిది లేదని ఏ కాగితంతో నిరూపిస్తారు? రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ ఇల్లాలు దాచుకున్నదేమీ లేదు, చేసిన తప్పూ లేదు. "తప్పు చేయనివాడికి భయం ఎందుకు" అన్నవాళ్లకు ఆవిడే జవాబు.

ఇంకొకటి. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక కుర్రాడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజులు డౌన్‌లోడ్ చేశాడు. వాటి మీద అమ్మినవాళ్లవీ కొన్నవాళ్లవీ వేలిముద్రలు ఉంటాయి. రబ్బరు స్టాంపులు తయారుచేసే మామూలు యంత్రంతో ఆ ముద్రలను రబ్బరులో అచ్చు పోసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పెద్ద హ్యాకరేం కాదు, అమ్మకాల టార్గెట్ కోసం చేశాడు. దస్తావేజు మీద వేలిముద్ర మన తాతల కాలం నుంచీ ఉంది, ఏ ఇబ్బందీ రాలేదు. అదే ముద్ర ఆధార్‌లో తాళంచెవి అయిన రోజు నుంచి ఆ పాత కాగితం ప్రమాదకరమైంది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం.

"ఒప్పుకున్నారు కదా" అన్నప్పుడు

కంపెనీల సంగతికొస్తే అంతా సమ్మతి మీద నడుస్తుంది, యాప్ పెట్టుకునేటప్పుడు నొక్కే ఆ "అంగీకరిస్తున్నాను" బటన్. వద్దనే వీలు నిజంగా ఉంటేనే అది సమ్మతి. నంబర్ ఇవ్వకపోతే బిల్లు చేయమనే షాపుల మీద ఫిర్యాదులొచ్చి, అలా పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లో చెప్పింది కూడా. మా మందుల షాపులో ఆ మార్పు ఇంకా కనపడలేదు.

మన ఇళ్లలో ఇంకా బరువుగా తెలిసిన ఉదాహరణ వీసా. 2025 జూన్ నుంచి అమెరికా విద్యార్థి వీసాకు, డిసెంబర్ నుంచి హెచ్1బీ, హెచ్4 వీసాలకు కూడా దరఖాస్తుదారులు సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌గా పెట్టాలని అక్కడి ప్రభుత్వం చెప్పింది. తన దేశంలోకి ఎవర్ని రానివ్వాలో చూసుకునే అధికారం వాళ్లకుంది, కాదనలేం. కానీ నాకు తెలిసిన అమ్మాయి ఒకర్తె ఇంటర్వ్యూకి ముందు రాత్రి కూర్చుని, ఇంజినీరింగ్ మొదటి ఏడాది నుంచి పెట్టిన పోస్టులు ఒక్కొక్కటీ తీసేసింది. వాటిలో తప్పుగా ఉన్నదేదీ లేదు. ఏది తప్పుగా కనిపిస్తుందో తెలియకే అన్నీ తీసేసింది. ఈ టెన్షన్‌లో నొక్కిన బటన్‌ని సమ్మతి అని పిలవడానికి నాకు మనసొప్పదు.

మనకు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై చేశారు, కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి రావాలి. ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పాలి, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలుండాలి, పని అయిపోయాక చెరిపేయాలి, భద్రత లోపిస్తే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. ఇంతవరకు బాగుంది. కానీ దేశ భద్రత, శాంతిభద్రతల లాంటి కారణాలతో కేంద్రం తనకు నచ్చిన ప్రభుత్వ సంస్థను చట్టం నుంచి మినహాయించవచ్చు. ఉగ్రవాదిని వెతికే సంస్థ వాడి అనుమతి అడగలేదు కదా అన్నది సమర్థించేవాళ్ల మాట, అదీ నిజమే. నా అభ్యంతరం మినహాయింపు ఉండటం మీద కాదు, మోతాదు అన్న మూడో ప్రశ్న ఆ సెక్షన్‌లో కనిపించకపోవడం మీద.

పేర్లు పైకి చదవాల్సిన చోట

ఇప్పటిదాకా గోప్యత వైపు మాట్లాడాను. ఇక్కడ కథ అడ్డం తిరుగుతుంది. అదే డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ని మార్చేసింది. ఇదివరకు ప్రజా పనితో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే, అదీ ప్రజాప్రయోజనం లేనప్పుడే ఇవ్వకుండా ఆపగలిగేవాళ్లు. ఇప్పుడు ఆ సెక్షన్‌లో వ్యక్తిగత సమాచారం అయితే చాలు, ఆపవచ్చు. ప్రజాప్రయోజనం ఎక్కువని అధికారి భావిస్తే ఇవ్వొచ్చనే 8(2) సెక్షన్ అలాగే ఉందని ప్రభుత్వం అంటోంది. ఆ భావించాల్సింది ఎవరు, ఏ అధికారి గురించి అడిగామో ఆ ఆఫీసే కదా అని సమాచార హక్కు కార్యకర్తలు అంటున్నారు.

దీని బరువు తెలియాలంటే ఉపాధి హామీ సామాజిక తనిఖీలు చూసినవాళ్లను అడగాలి. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ విషయంలో దేశానికి దారి చూపింది. గ్రామసభలో మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, తెచ్చి, ఎవరు ఎన్ని రోజులు పని చేశారో, ఎంత కూలి తీసుకున్నారో పేరు పేరునా పైకి చదివేవాళ్లు. చనిపోయిన మనిషి పేరు చదివితే సభలో కలకలం రేగేది, "ఆయన పోయి రెండేళ్లయింది, పనికెప్పుడు వచ్చాడు" అని ఎవరో లేచేవాళ్లు. దొంగ హాజరు అలా దొరికేది. పేరు వ్యక్తిగత సమాచారం, చదవకూడదు అంటే ఆ దొంగతనం బయటపడదు.

కానీ అదే పథకంలో రెండో సంగతీ జరిగింది. కొన్ని ప్రభుత్వ పోర్టల్స్ నుంచి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు, వాటితోపాటు బ్యాంకు ఖాతాల వివరాలు ఎవరైనా చూసేలా బయట పడి ఉన్నాయని 2017 మేలో ఒక పరిశోధనా సంస్థ నివేదిక ఇచ్చింది. అది చూసిన నాలుగు పోర్టల్స్‌లో ఆంధ్రప్రదేశ్ ఉపాధి హామీ చెల్లింపులది కూడా ఉంది. పేరు, పని దినాలు, కూలి డబ్బు చదివితే ఊరికి లెక్క తెలుస్తుంది. ఆ వరసలోనే పక్కన ఆధార్ నంబర్, ఖాతా నంబర్ ఉండటం వల్ల ఊరికి కొత్తగా తెలిసిందేమీ లేదు, ఆ కూలి డబ్బు మీద కన్నేసినవాడికి మాత్రం అదే కావాలి.